హాబిస్, ఆరియా: దంతవైద్యుని కుర్చీని గూర్చిన భయము

ఖిదిర్‌పూర్ రేవులో వించి నడుపువానికి ఓడ కడుపు కనబడదు. అతడు పైతట్టుమీద మీట పట్టుకొని కూర్చుండును; బహులోతున, చీకటిలో, కూలీలు గోనెసంచులను వలలో పేర్చుచుందురు; ఈ యిరువురకును నడుమ, పలకలు తీసిన అంచున ఒకడు నిలువబడి, ఒకసారి లోనికి, ఒకసారి వెలుపలికి చూచుచు, కేవలము తన చేతితో ఆ యంత్రమును నడిపించును. చేయి పైకి లేచి “హాబిస్” అను కేక వినబడినచో బరువు పైకి పోవలెను. చేయి క్రిందికి వాలి “ఆరియా” యనినచో దిగవలెను. పిడికిలి బిగిసినచో ఎక్కడిదక్కడ ఆగవలెను. ఇవి ఓడకూలీల లస్కరీ మాటలు. తెలుగువాడైనను, బీహారువాడైనను, బెంగాలీయైనను ఆ రేవులో మొదట నేర్చుకొనునది ఈ రెండు మాటలనే.

మా మేనమామ ఆ వించిమీద ముప్పది యేండ్లకు పైగా కూర్చున్న మనిషి. 1892లో ఖిదిర్‌పూర్ రేవు తెరువబడిన తరువాత కొలది యేండ్లకే తూర్పు తీరపు రైలుమార్గము పూర్తియగుటతో, గంజాము, విశాఖపట్టణ మండలముల నుండి పొట్ట చేతపట్టుకొని కలకత్తాకు తరలిన అసంఖ్యాకులగు తెలుగువారి త్రోవనే ఆయనయు పదునేడవ యేట సోంపేట విడిచి వచ్చెను. 1943 డిసెంబరు 5వ తేదీన పట్టపగలు జపాను విమానములు ఆ రేవుపై బాంబులు కురిపించి వందలాది మందిని పొట్టనబెట్టుకొన్నప్పుడు ఆయన అక్కడనే యుండెను. కూలీలనేకులు మూటలు కట్టుకొని స్వగ్రామములకు పరుగిడగా, మామయ్య మాత్రము నాలుగవనాడు మరల మీట పట్టుకొనెను. అట్టి ధీరుడు, ఎడమ క్రింది దవడలో ఒక పిప్పిపన్నుతో ఏడు మాసములు వేగి, లవంగములు కొరికి, ఉప్పునీళ్ళు పుక్కిలించి, పొగాకు కాడ అదిమిపట్టి, దవడ తలగడకు ఆనించలేక గోడకు జేరగిలబడి రాత్రులు తెల్లవార్చెనే కాని, దంతవైద్యుని గడప త్రొక్కుటకు మాత్రము ఒప్పుకొనలేదు. అప్పుడు నేను వారింట నుండి చదువుకొనుచుంటిని. “బాంబులకు బెదరనివాడివి, పంటికి బెదురుతావేంటి మావయ్యా?” అని ఒకనాడు ఎకసక్కెమాడితిని. ఆయన నవ్వలేదు. “బాంబు పడితే పరిగెత్తొచ్చురా అబ్బాయ్. ఆ కుర్చీలో కూకుంటే ఎటు పరిగెడతావు?” అనెను.

మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ప్రశ్నావళులు కట్టి, వేలమందిని విచారించి తేల్చిన విషయమును మామయ్య ఒక్క ప్రశ్నలో చెప్పివేసెనని నేను గ్రహించుటకు చాల సంవత్సరములు పట్టినది. దంతవైద్యుని గూర్చిన భయము ఒక్క నొప్పిని గూర్చిన భయము కాదు. నిస్సహాయతను గూర్చిన భయము. ప్రసవవేదనకు ఓర్చిన తల్లులు, విరిగిన కాలితో మైలు నడిచి వచ్చిన రైతులు ఆ కుర్చీలో చెమటలు పట్టుట మనము చూడని దృశ్యము కాదు. వెల్లకిల పరుండి, నోరు తెరచి, మాట పెగలక, ముఖముమీద దీపము మండుచుండగా, తనకు కనబడని చోట తనకు తెలియని వాడొకడు వాడియైన పనిముట్టుతో ఏమి చేయుచున్నాడో ఊహించుకొనవలసిన అవస్థ మనుష్యునికి మరి యే వైద్యమునందును ఇంత నిండుగా సంప్రాప్తము కాదు.

ఇక శరీరము చేయు పని చూడుడు. మెదడు లోపల బాదముగింజ ఆకారమున నుండు అమిగ్డల యను భాగము, అపాయశంక కలిగినంతనే, మన విచక్షణ మేలుకొనుటకు ముందే, వెన్నుద్వారా వార్త పంపును. మూత్రపిండములపై టోపీలవలె నుండు గ్రంథులు ఎడ్రినలీనును రక్తములోనికి విడుచును. గుండె వడివడిగా కొట్టుకొనును, అరచేతులు తడియగును, నోరు పిడచకట్టుకొనిపోవును, కండరములు బిగియును. ఇదియంతయు పులి యెదురైనప్పుడు పరుగెత్తుటకో, కలియబడుటకో ప్రకృతి చేసిన సన్నాహము. కుర్చీలో కూర్చున్నవానికి రెండును నిషిద్ధములే. ఉడుకుచున్న కుండపై మూత బిగించినట్లు ఆ శక్తి యంతయు లోలోననే కుతకుతలాడును. కనుక భయపడువాడు పిరికివాడనుట శాస్త్రవిరుద్ధము. అతని శరీరము తన ధర్మమును తాను నెరవేర్చుచున్నది, అంతే.

నోటికి వేరొక విశేషము కూడ కలదు. కెనడా దేశమున వైల్డర్ పెన్‌ఫీల్డ్ అను మస్తిష్క శస్త్రవైద్యుడు, మెలకువగా నున్న రోగుల మెదడు ఉపరితలమును సన్నని విద్యుత్ప్రవాహముతో తాకి, ఏ స్థానమున తాకినచో ఏ యవయవమున స్పర్శ తోచునో గుర్తించి, 1937లో తన సహచరునితో కలిసి ఆ పటమును ప్రకటించెను. ఆ పటములో వీపు, తొడ మొదలగు విశాలమైన యవయవములకు దక్కినది కొంచెమే. పెదవులకును, నాలుకకును దక్కిన భాగము వాని పరిమాణమునకు ఎన్నో రెట్లు. పంటిలో ఆవగింజంత గుంట పడినచో నాలుక కొసకు అది గుహవలె తోచుటకు కారణమిదియే. ఆ ప్రదేశమునకు సంబంధించిన ఊహలుకూడ అదే కొలతను పెరుగునేమో యని నాకు అనుమానము.

పుట్టుకతో ఏ శిశువునకును దంతవైద్యుని భయముండదు. అది నేర్చుకొన్న విద్య. మామయ్యకు ఆ విద్య పదియేండ్ల ప్రాయమున ఒక తిరునాళ్ళలో అబ్బినది. పండ్లు పీకువాడొకడు చెట్టుక్రింద గోనె పరచుకొని కూర్చుండెనట. ఇరువురు పెద్దమనుష్యులు బిడ్డ చేతులు వెనుకకు విరిచిపట్టిరి; “ఏమీ కాదు, చూస్తా అంతే” యని చెప్పి వాడు పట్టకారుతో లాగెను; పన్ను విరిగి వేరు లోననే నిలిచిపోయెను. నొప్పి మూడు దినములలో పోయినది. “చూస్తా అంతే” యను అబద్ధము మాత్రము నలువది యైదు సంవత్సరములు నిలిచినది. పిల్లవాని మనస్సు ఆనాడు ముడివేసికొన్నది నొప్పితో మాత్రమే కాదు, చేతులు విరిచిపట్టబడుటతోను, మోసముతోను.

ఇట్టి ముడులు చిత్రమైన వస్తువుల చుట్టును పడుచుండును. లవంగ తైలములో యూజినాల్ అను పదార్థము కలదు. దంతవైద్యులు దానిని జింకు భస్మముతో కలిపి తాత్కాలికముగా పంటి గుంటలు పూడ్చుదురు. దంతవైద్యశాలకు దానిదంటూ ఒక వాసన వచ్చుటకు ముఖ్యకారణమదియే. 1998లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు ఆ వాసనను కొందరిచే ఆఘ్రాణింపజేసి వారి చర్మమును, గుండెను, ఊపిరిని యంత్రములతో గమనింపగా, దంతవైద్యమన్న భయములేని వారికి అది మనోహరముగాను, భయమున్న వారికి అసహ్యముగాను తోచినది. భయస్థుల శరీరము కోపమునకును, భీతికిని చెందిన గుర్తులు చూపినది. పులావులో ఘుమఘుమలాడు లవంగమే ఇక్కడ యమదూతయగుచున్నది!

మన యిండ్లలో ఈ విద్యను చిన్ననాటి నుండియే బోధించు గురువులకు కొదువ లేదు. “అల్లరి చేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూది వేయిస్తా” నని బెదరించు తల్లి, తన బిడ్డకు జ్వరము వచ్చిననాడు అదే డాక్టరు ముందు వాడు నోరు తెరవకపోయినచో విసుగుకొనును. పై పండ్లు పీకించినచో కంటిచూపు పోవునని నమ్మువారు నేటికిని మెండు. ఆ నమ్మకమునకు ఆధారము లేదు. పైదవడ పండ్లకు స్పర్శ తెచ్చునది త్రిధార నాడి రెండవ శాఖ. కన్ను చూచునది దృక్‌నాడివలన. రెండును వేరు వేరు త్రోవల మెదడును చేరును. వయసు మీరినవారికి పండ్లు కదలు కాలమున చూపును మందగించుట యాదృచ్ఛికము. రెంటిని ముడిపెట్టినది మన లోకము.

ఇక ఆ యేడు మాసముల తరువాత ఏమి జరిగినదో చెప్పెదను. 1979 చలికాలమున ఒక ఉదయము మా అత్త ఏడ్చి, నేను బ్రతిమాలి, ఆయనను ఖిదిర్‌పూర్ ట్రాము ఎక్కించితిమి. ఆ ట్రాము మైదానపు పచ్చికల నడుమ, చెట్లనీడలలో మెల్లమెల్లగా ఎస్‌ప్లనేడునకు సాగెడిది. కలకత్తాలో అంతటి సుఖప్రయాణము మరియొకటి లేదని నా అభిప్రాయము. మామయ్య మాత్రము కిటికీ చట్టమును రెండు చేతులతో పట్టుకొని యుండెను. రేసుకోర్సు దాటువరకు దవడకు తువ్వాలు చుట్టుకొని మూలిగిన మనిషి, ఎస్‌ప్లనేడు కనబడుసరికి తువ్వాలు విప్పి, “ఒరేయ్, పోటు పోయింది. ఒట్టు! ఇక ఎల్లిపోదాం” అనెను.

ఆయన అబద్ధమాడలేదు. తీవ్రమైన భయము కలిగినప్పుడు మెదడు తనలోతాను నల్లమందువంటి రసములను స్రవింపజేసి నొప్పిని కొంతసేపు అణచివేయును. ఆ రసములను 1975లో స్కాట్లండునందు హ్యూస్, కోస్టర్లిట్జ్ అను శాస్త్రజ్ఞులు మొట్టమొదట వేరుచేసి గుర్తించిరి. యుద్ధములో గాయపడినవాడు శిబిరము చేరువరకు బాధ నెరుగకపోవుటకు ఇదియు ఒక కారణము. గుమ్మము చేరుసరికి పంటిపోటు మాయమగుట అందరెరిగిన హాస్యమే కాని, దానినుండి ఇంటిముఖము పట్టుట హాస్యము కాదు. ఏలయనగా వెనుదిరిగిన క్షణమున కలుగు ఆ మహోపశమనమే భయమునకు లంచము. తప్పించుకొన్న ప్రతిసారియు మనస్సు “తప్పించుకొంటిని గనుకనే బ్రతికితిని” అను పాఠమును మరియొకసారి వల్లించుకొనును. తరువాతి పర్యాయము రేసుకోర్సు వరకైనను పోలేము.

నొప్పి పోవుటకు మరియొక కారణము కూడ ఉండవచ్చును. అది ఇంతకంటె అపాయకరము. పంటి నడుమ నుండు మెత్తని గుజ్జు కుళ్ళి చచ్చినచో, అందలి నాడియు చచ్చును, పోటు ఆగును; రోగి “నయమైన”దని సంతోషించును. క్రిమి మాత్రము వేరు కొసదాటి ఎముకలోనికి పోయి చీముగూడు కట్టుచుండును. కొన్ని నెలలకు బుగ్గ పొంగుట ఆ శాంతికాలపు ఫలము.

ఈ యధ్యాయమున నేను మిక్కిలి ముఖ్యమని తలచు విషయము ఇక్కడనే యున్నది. మత్తుసూదిలోని మందు బలహీనమైన క్షారము. నాడి పొరను దాటి లోనికి పోవుటకు దాని అణువులు విద్యుదావేశము లేని రూపమున నుండవలెను. ఆరోగ్యముగా నున్న కణజాలములో తగినన్ని అణువులు ఆ రూపమున నుండును. వాచి, చీముపట్టిన చోట ఆమ్లత హెచ్చును. అణువులలో హెచ్చుభాగము ఆవేశమును పొంది గుమ్మముకడనే నిలిచిపోవును. మందు సరిగా పట్టదు. అనగా, నొప్పికి వెరచి వాయిదావేయువాడు, సూదిమందు చక్కగా పనిచేయు దినములన్నింటిని గడిపివైచి, అది పనిచేయని దినమున వైద్యుని కడకు పోవుచున్నాడు. అప్పుడు నొప్పి నిజముగనే పుట్టును. “చూచితిరా, నేను భయపడినది నిజమైన”దని అతడు పదిమందికి చెప్పును. ఆ మాట విన్న పదిమందిలో నలుగురు తమ పండ్లను వాయిదా వేయుదురు. భయము తన సాక్ష్యమును తానే పుట్టించుకొను తీరు ఇది. సందేహమున్నచోట మొదట మాత్రలిచ్చి వాపు తీసి, పిమ్మట పన్ను ముట్టుట వైద్యులు చేయు పని.

నొప్పిలేని చికిత్సకై మనుష్యుడు పడిన ప్రయాసలో దంతవైద్యుల వాటా గొప్పది. మామయ్య వించి నడిపిన హుగ్లీనది యెగువనే, హుగ్లీ పట్టణమున, 1845లో జేమ్స్ ఎస్డెయిల్ అను స్కాట్లండు వైద్యుడు చేతులు ఆడించి రోగులను నిద్రబుచ్చు మెస్మరు పద్ధతిచే పెద్ద పెద్ద శస్త్రచికిత్సలు చేసి ఆశ్చర్యము గొలిపెను. మరుసటి సంవత్సరమే కలకత్తాలో ఆయనకొక ప్రత్యేక చికిత్సాలయము నేర్పరచిరి. దానికి కొలదిగా ముందు, 1844 డిసెంబరులో, అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణపు దంతవైద్యుడు హోరేస్ వెల్స్, వినోదప్రదర్శనమున నవ్వుగాలి పీల్చిన ఒకడు కాలికి దెబ్బతగిలియు ఎరుగకుండుట చూచి, మరునాడు తానే ఆ గాలి పీల్చి తన పన్ను పీకించుకొనెను. ఒకరికి చేయుటకు ముందు తానే కుర్చీ ఎక్కిన ఆ మహానుభావుడు, మరుసటి నెలలో బోస్టనులో చేసిన ప్రదర్శన విఫలమై, నవ్వులపాలై, 1848లో దయనీయముగా ప్రాణములు తీసికొనెను. ఆయన శిష్యుడు మోర్టన్ 1846లో ఈథరుతో ప్రఖ్యాతి పొందెను. 1884లో కార్ల్ కోలర్ వియన్నాలో కొకెయిను చుక్కలతో కంటిని మొద్దుబార్చెను. ఆ దారినే పండ్లకు మత్తుసూది వచ్చినది. నేడు మన పండ్లకు వాడునది ప్రాయికముగా స్వీడను దేశమున లోఫ్‌గ్రెన్ 1943లో కనిపెట్టిన లిగ్నొకెయిను, మామయ్యమీద బాంబులు పడిన ఆ సంవత్సరమే.

మేము పోవుచున్న ఆసుపత్రికి మూలపురుషుడు రఫీయుద్దీన్ అహ్మద్. 1890లో తూర్పు బెంగాలున జన్మించి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున దంతవైద్యము చదివి, తిరిగివచ్చి 1920లో కలకత్తాలో మన దేశపు తొలి దంతవైద్య కళాశాలను స్థాపించెను. దంతవైద్యమన సంతలలోని పట్టకారే యని జనులు తలచు కాలమది. నగరమున చీనాదేశీయులగు దంతవైద్యులు బల్లలు కట్టుకొని వృత్తి చేసెడివారు కాని, శిక్షణనిచ్చు విద్యాలయము లేదు. 1925లో ఆయన ఒక దంతవైద్య పత్రికను నెలకొల్పెను. 1949లో కళాశాలను ప్రభుత్వమునకు ధారాదత్తము చేసెను. 1964లో పద్మభూషణము పొంది, మరు సంవత్సరము కీర్తిశేషుడయ్యెను. మౌలాలి కూడలి చెంతనున్న ఆ సంస్థ నేడును ఆయన పేరనే పిలువబడుచున్నది.

ఎస్‌ప్లనేడులో దిగి, లెనిన్ సరణి వెంట మౌలాలి చేరువరకు నేను మామయ్య మోచేయి విడువలేదు. వరండాలో బల్లపై కూర్చుండి మేము గంటసేపు కనిపెట్టుకొని యుంటిమి. లోపలి నుండి యంత్రపు గీసగీస వినబడినప్పుడెల్ల ఆయన మోకాలు ఎగిరిపడుచుండెను. 1957లో అమెరికాలో బోర్డెన్ అను వైద్యుడు గాలి ఒత్తిడిచే నిమిషమునకు సుమారు 3,00,000 చుట్లు తిరుగు డ్రిల్లును బజారునకు తెచ్చినది మొదలు, పంటిని తొలుచు కాలమును, అదురును మిక్కిలి తగ్గినవి; ధ్వని మాత్రము కీచుమని చెవిని కోయును. బాధ తగ్గించిన యంత్రమే శబ్దముచే బెదరించుట విజ్ఞానపు కొంటెతనములలో నొకటి.

పిలుపు వచ్చినది. లోన నున్నది ఇరువదినాలుగేండ్లకు మించని ఒక డాక్టరమ్మ. మామయ్య గుమ్మమునందే ఆగిపోవుట చూచి, ఆమె పనిముట్టుల పళ్ళెమును ప్రక్కకు నెట్టివైచి, తన ముక్కాలిపీటను ఆయన కెదురుగా లాగుకొని కూర్చుండెను. ఆయన కంటె తాను తక్కువ ఎత్తున నుండునట్లు కూర్చుండెనని నేను తరువాత గుర్తించితిని. “కాకాబాబు, ఈవేళ నేనేమీ పీకను. పీకునాడు ముందుగా చెప్పి పీకుదును” అని బెంగాలీలో అనెను. చిన్న అద్దమొకటి ఆయన చేతికే ఇచ్చి, మొదట ఆయననే చూచుకొనుమనెను. అటుపై ఎక్స్‌రే తీయించి, మాత్రలు వ్రాసియిచ్చి, ఐదు దినములు కడచిన పిదప రమ్మనెను. మామయ్య నమ్మలేక నావంక చూచెను.

పిల్లల విషయమున ఈ పద్ధతికి “చెప్పి, చూపి, చేయుట” యని 1959లోనే ఒక దంతవైద్యుడు సూత్రము కట్టెను. పెద్దలకును అది చెల్లును. భయపడు వస్తువునకు మనుష్యుని ఒక్కసారిగా త్రోయక, మెట్టుమెట్టుగా, ప్రతి మెట్టునందును ఊపిరి కుదుటపడిన పిమ్మటనే పై మెట్టునకు చేర్చు విధానమును దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్పె 1958లో గ్రంథరూపమున వివరించెను. మొదటిసారి కేవలము కూర్చుండి మాటలాడి వచ్చుట, రెండవసారి చూపించుకొనుట, మూడవసారి పండ్లగార తీయించుకొనుట వంటి చిన్నపని, ఇట్లు పోగా పోగా పాత ముడిపై క్రొత్త అనుభవము పేరుకొనును. పాతది చెరగదు, అణగియుండును. అందుచేతనే నడుమ చాలకాలము విడిచినచో మరల తలయెత్తును. భయమును కొలుచుటకు కూడ ఉపాయములు కలవు: 1969లో నార్మన్ కోరా నాలుగు ప్రశ్నలతో ఒక కొలబద్ద చేసెను, 1995లో హంఫ్రిస్ సూదిని గూర్చిన ప్రశ్నను చేర్చి ఐదు చేసెను. ఆ ఐదింటిలో 25కు 19గాని అంతకు మించిగాని వచ్చినవారికి మిక్కుటమైన భయమున్నదని లెక్క. అట్టివారికి ఉత్త ధైర్యవచనములు చాలవు. మనోవైద్యుని సాయముతో మెట్టుమెట్టు అభ్యాసమో, నవ్వుగాలియో, మగతమందో కావలెను. అడుగుటకు సిగ్గుపడవలదు.

ఐదు దినములు గడచినవి. ఈసారి ట్రాములో మామయ్య కిటికీ చట్టమును ఒక్క చేతితోనే పట్టుకొనెను. ఉదయము ఉపవాసముండెదనని ఆయన పట్టుపట్టగా, అత్త నాలుగు ఇడ్లీలు తినిపించి పంపెను, అది మంచిపని. మత్తుసూది చాలునన్న పనికి ఖాళీకడుపుతో పోవుట అనవసరము. పైగా భయమునకు ఆకలి తోడైనచో కండ్లు తిరుగును. భయము మొదట గుండెవేగమును హెచ్చించి, కొందరిలో హఠాత్తుగా దించివైచును. రక్తపుపోటు పడి మనిషి సొమ్మసిల్లును. కుర్చీ వెనుకకు వాల్చి కాళ్ళెత్తినచో నిమిషములో తేరుకొనును. అది సూదిమందు “వికటించుట” కాదు. మందులో రక్తనాళములను ముడుచుటకై ఎడ్రినలీను కొంచెము కలుపుదురు. సూది పొడిచిన పిమ్మట ఒకటి రెండు నిమిషములు గుండె దడదడలాడుటకు అదియు కారణము కావచ్చును. ముందే తెలిసినవానికది దడ మాత్రమే. తెలియనివానికి చావు గడియ. గుండెజబ్బో, రక్తపుపోటో, మధుమేహమో ఉన్నవారు, మందులు వాడువారు ఆ మాట ముందుగానే వైద్యునికి చెప్పవలెను.

ఊపిరిని గూర్చి ఒక్క మాట. భయమున మనము ఊపిరి బిగపట్టుదుము, లేదా రొప్పుదుము. నాలుగంకెలు లెక్కించుచు పీల్చి, ఆరంకెలు లెక్కించుచు విడిచినచో, నిశ్వాసకాలమున గుండెకు కళ్ళెము వేయు నాడి బలము పుంజుకొని, గుండె కొంత నెమ్మదించును. ప్రాణాయామము తెలిసిన మన వారికి ఇందు క్రొత్త యేమియు లేదు. అవసరమైన చోట దానిని వాడుకొనుట మాత్రమే క్రొత్త.

డాక్టరమ్మ చిగురుకు మొదట మొద్దుబార్చు లేపనము పూసి, కొంతసేపు ఆగి, పిమ్మట సూదిలోని మందును మెల్లమెల్లగా నెట్టెను. సూది నొప్పిలో హెచ్చుపాలు పొడుచుటవలన గాక, మందును వేగముగా ఎక్కించుటవలన కణజాలము సాగి కలుగునది. ఎక్కించునపుడామె ఆయన బుగ్గను వ్రేళ్ళతో కదిలించుచుండెను. తాకిడి వార్తయు, నొప్పి వార్తయు వెన్నుపామును చేరుచోట ఒకదాని నొకటి అడ్డుకొనునని 1965లో మెల్జాక్, వాల్ అనువారు ప్రతిపాదించిన ద్వారసిద్ధాంతము ఆ చిన్న చేష్టకు వ్యాఖ్యానము. దెబ్బతగిలిన చోటును మన తల్లులు అరచేత రుద్దుట ఆ సిద్ధాంతమునకు పూర్వమే గల ఆచారము.

పెదవి మొద్దుబారినది. ఆమె పట్టకారు తీసికొనుటకు ముందు, “కాకాబాబు, ఒత్తిడి తెలియును, నొప్పి తెలియరాదు. తెలిసినచో ఎడమచేయి ఎత్తుడు. నేను ఆపుదును. ఎన్నిసార్లు ఎత్తినను ఆపుదును” అనెను. మామయ్య ముఖమున నేను ఆ యేడు మాసములలో చూడని వెలుగొకటి కనబడినది. ఆయన నావైపు తిరిగి, మొద్దుబారిన పెదవితో, “అంటే ఈయమ్మ వించిమీద ఉంది, నేను పలక అంచున ఉన్నాను, అంతేనా?” అనెను. ఆమెకు తెలుగు రాదు. నేను బెంగాలీలో చెప్పగా నవ్వి, అంతేననెను. తన పనిలో ముప్పదియేండ్లు పరుల చేతిసంజ్ఞను నమ్మి బరువులెత్తిన మనిషికి, తన సంజ్ఞను ఒకరు నమ్ముదురనుట ఎంత ధైర్యమిచ్చినదో చెప్పజాలను. సంజ్ఞ లేకయే బరువెత్తు వించివాడు రేవులో హంతకుడు. అట్టి వైద్యుని యొద్దనుండి లేచివచ్చుట రోగికి ధర్మమే. మీ వైద్యుడు తనంతట చెప్పకపోయినచో, నోరు తెరచుటకు ముందు మీరే ఆ ఒప్పందమును కోరుడు.

జ్ఞాపకము కూడ భయమునకు తోడుదొంగ. 1985లో ఇంగ్లండునందు గెరీ కెంట్ అను మనస్తత్త్వవేత్త, రోగులను చికిత్సకు ముందు ఎంత నొప్పి ఊహించితిరనియు, ముగిసినంతనే ఎంత పుట్టినదనియు, కొన్ని మాసముల పిమ్మట ఎంత పుట్టినట్లు జ్ఞాపకమనియు అడిగెను. భయస్థుల జ్ఞాపకము వారనుభవించిన నొప్పికంటె, వారు ముందు ఊహించుకొన్న నొప్పికే దగ్గరగా నుండెను. ఇంటికి వచ్చినంతనే కాగితముమీద ఆ దినపు సంగతి రెండు పంక్తులలో వ్రాసి దాచుకొనుట ఇందుకు విరుగుడని నా సలహా. నేను మామయ్య తరఫున నా నోటుపుస్తకములో వ్రాసిపెట్టితిని. కనుకనే ఇప్పుడు ధైర్యముగా చెప్పగలుగుచున్నాను: ఆ పన్ను తీయుటకు పట్టిన కాలము పదునొకండు నిమిషములు, మామయ్య చేయి ఎత్తినది రెండుసార్లు, అందులో రెండవది ఉమ్మివేయుటకు.